తొలకరికి ముందే: చేలో రోవర్ తిప్పేవాళ్లకు జాగ్రత్తలు

ఆర్డుపైలట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తనంతట తాను నడిచే చిన్న చక్రాల బండి (రోవర్) చేసుకుని, ఫోన్ నెట్ మీద ఇంటి నుంచే పత్తి సాళ్లలో తిప్పుదామనుకుంటున్నారా? మృగశిర కార్తె రాకముందే ఒక పూట దీనికి కేటాయించండి.

పోయిన వానాకాలం పరకాల దగ్గర మా చేలో జరిగింది చెప్తాను. బండి ఆటో మోడ్‌లో, అంటే ముందే గీసిచ్చిన దారిలో దానంతటదే నడుస్తోంది. స్క్రీన్ మీద సాలు కనిపిస్తూనే ఉంది కాబట్టి అంతా బాగుందనుకున్నాను. నిజానికి మబ్బు పట్టి, కరెంటు పోయి, టవర్ సిగ్నల్ పడిపోయింది. నేను చూస్తున్నది ఆగిపోయిన బొమ్మ. గెట్టు మీదున్న మా చిన్నాయన ఉరికి, బండిని ఆపేసే ఎర్ర బటన్ నొక్కేసరికి బండి బాయి అంచుకు రెండు గజాల్లో ఉంది. మన వ్యవసాయ బావుల్లో చాలావాటికి గోడ ఉండదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తప్పు నాదే. కంట్రోల్ స్టేషన్‌తో, అంటే ఇంట్లో మనం బండిని నడిపే ఫోన్ లేదా కంప్యూటర్‌తో, లింకు తెగితే బండిని ఆపే ‘ఎఫ్ఎస్ జీసీఎస్ ఎనేబుల్’ అనే సెట్టింగ్ మొదట ఆఫ్‌లోనే ఉంటుంది, నేను ఆన్ చేయలేదు. దాన్ని 1 చేయండి. 2 పెడితే లింకు తెగినా ఆటో మోడ్‌లో బండి గీసిన దారి వెంట సాగిపోతుంది, బావులున్న చోట అది వద్దు. ‘ఎఫ్ఎస్ యాక్షన్’ (లింకు తెగితే ఏం చేయాలో చెప్పే సెట్టింగ్) దగ్గర హోల్డ్, అంటే ఉన్నచోటే ఆగడం, పెట్టండి. ఆర్‌టీఎల్ పెడితే బండి బయల్దేరిన చోటికి అడ్డంగా వచ్చేస్తుంది, మధ్యలో కాలువ ఉందో బాయి ఉందో చూసుకోదు.

తర్వాత వాకిట్లో ఇటుకల మీద బండిని ఎత్తి, చక్రాలు గాల్లో తిరుగుతుండగా హాట్‌స్పాట్ ఆపేయండి. ఎన్ని సెకన్లకు ఆగిందో లెక్కపెట్టండి. గంటకు 4 కిలోమీటర్ల వేగంలో 5 సెకన్లంటే ఐదున్నర మీటర్లు! మామూలు జీపీఎస్ రెండు మూడు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. ఈ రెండూ కలుపుకుని, మ్యాప్‌లో బాయి చుట్టూ ఫెన్స్ (బండి దాటకూడని గీత) కనీసం పది మీటర్ల అవతల గీయండి.

కెమెరా ముందు స్టాప్‌వాచ్ నడిచే ఫోన్ పట్టుకుని, స్క్రీన్ మీద అంకెతో పోల్చండి. వీడియో ఎంత ఆలస్యంగా వస్తోందో తెలిసిపోతుంది. బండి కెమెరా పంపే వీడియోలోనే గడియారం కూడా కనిపించేలా పెట్టుకోండి. సెకన్లు కదలకపోతే బొమ్మ ఆగిపోయినట్టే.

బండిలోకి నెట్ మీద వచ్చే దారిని (పోర్టు) అందరికీ తెరిచి ఉంచకండి, వీపీఎన్ (మనవాళ్లు మాత్రమే వాడే రహస్య నెట్ దారి) వాడండి. బండికి ఆదేశాలు మోసే మావ్‌లింక్ 2లో సైనింగ్ (ఆదేశం మనదేనని రుజువు చేసే రహస్య గుర్తు) ఆన్ చేయండి. లేదంటే ఆ నెట్‌వర్క్‌లోకి చొరబడిన ఎవరి మాటైనా బండి వింటుంది. పారామీటర్ల (సెట్టింగుల) ఫైలు సేవ్ చేసుకోండి, సీజన్ మధ్యలో సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ జోలికి పోకండి.

నల్లరేగడి తడిస్తే చక్రాలకు ముద్దలుగా చుట్టుకుంటుంది, మోటార్లు వేడెక్కుతాయి. అలాంటప్పుడు ఒకరోజు ఆగడమే నయం. బ్యాటరీ ఉబ్బితే పక్కన పెట్టేయండి.

బండి తిరుగుతున్నంతసేపూ ఎర్ర బటన్ సంగతి తెలిసిన పెద్ద మనిషి ఒకరు గెట్టు మీద ఉండాలి, పిల్లల్ని నిలబెట్టొద్దు. ఉరుము వినపడితే మాత్రం బండిని ఉన్నచోటే హోల్డ్‌లో వదిలేసి, ఆ మనిషిని ముందు ఇంట్లోకి పిలవండి.