డిఫెన్స్‌మన్ కెరీర్‌ను అంచనా వేయడం ఎలా: లిడ్‌స్ట్రోమ్ పట్టికతో ఒక అభ్యాసం

ఐస్ హాకీ ఆటగాడి పేరు వెతికితే ముందుగా ఎదురయ్యేది ఒక పట్టిక. సీజన్, మ్యాచ్‌లు, గోల్స్, అసిస్ట్‌లు (గోల్‌కు దారితీసిన పాస్‌లు), పాయింట్లు (ఆ రెండింటి మొత్తం), ప్లస్-మైనస్, పెనాల్టీ నిమిషాలు (తప్పు చేసి బయట కూర్చున్న సమయం) అని వరుసగా గడులుంటాయి. దాడి చేసే ఫార్వర్డ్ విషయంలో గోల్స్ గడి చూసి ఒక అభిప్రాయానికి వస్తే పెద్దగా పొరపాటు జరగదు. ఎదుటి జట్టు దాడిని అడ్డుకునే డిఫెన్స్‌మన్ విషయంలో మాత్రం అదే గడి మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. కబడ్డీ చూసి పెరిగినవారికి ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు. కూతకు వెళ్ళి పాయింట్లు తెచ్చినవాడి పేరు ఊరంతా చెప్పుకుంటుంది. మూలన కాచుకుని, ఆటంతా ప్రత్యర్థిని తనవైపు రానివ్వనివాడి గొప్పతనం అతని పక్కన ఆడినవారికే తెలుస్తుంది. అమెరికాలోని డెట్రాయిట్ శివార్లలోని నోవై, ట్రాయ్ వంటి ఊళ్ళలో స్థిరపడి, పిల్లల వల్ల ఈ ఆటకు అలవాటు పడుతున్న తెలుగువారికి పనికొస్తుందని ఆ నగరపు ఆటగాడినే ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఆయన నిక్లాస్ లిడ్‌స్ట్రోమ్. 1991 నుంచి 2012 వరకు 20 సీజన్లు, అన్నీ ఉత్తర అమెరికా హాకీ లీగ్ అయిన NHLలో డెట్రాయిట్ రెడ్ వింగ్స్ జట్టుకే ఆడిన స్వీడన్ దేశస్థుడు.

మొదట మ్యాచ్‌ల గడి చూడాలి. లిడ్‌స్ట్రోమ్ లీగ్ దశలో 1,564 మ్యాచ్‌లు, దాని తరువాత విజేతను తేల్చే ప్లేఆఫ్స్‌లో మరో 263 మ్యాచ్‌లు ఆడారు. ఎదురుగా దూసుకొచ్చేవాడిని వెనక్కి స్కేట్ చేస్తూ నిలువరించడం, గోడల దగ్గర దెబ్బలు కాచుకోవడం, గంటకు నూరు మైళ్ళకు దరిదాపుల వేగంతో వచ్చే పక్‌కు (ఆటలో బంతికి బదులు వాడే గట్టి రబ్బరు బిళ్ళకు) కాలు అడ్డం పెట్టడం డిఫెన్స్‌మన్‌కు నిత్యకృత్యం. కాబట్టి ఆ గడిలోని అంకె ఓపికతో పాటు, దెబ్బలు తగలకుండా ఆడే తెలివిని కూడా తెలుపుతుంది. అయితే ఈ గడి ఒక్కదానితోనే తీర్పు చెప్పకూడదు. మోకాళ్ళు సహకరించక 657 మ్యాచ్‌లకే ఆట ముగించిన బాబీ ఆర్, ఉత్తమ డిఫెన్స్‌మన్‌కు ఇచ్చే నోరిస్ ట్రోఫీని ఎనిమిది సార్లు గెలిచారు. డిఫెన్స్‌మన్ అయి ఉండి లీగ్ మొత్తంలో అత్యధిక పాయింట్లు సాధించినవాడు నేటికీ ఆయన ఒక్కరే. అదీ రెండు సార్లు.

తరువాత డ్రాఫ్ట్, అంటే కొత్త ఆటగాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే పద్ధతి, దాని వివరం చూడాలి. లిడ్‌స్ట్రోమ్‌ను డెట్రాయిట్ 1989లో మూడో రౌండ్‌లో, 53వ ఆటగాడిగా ఎంచుకుంది. అంటే ఆ ఏడాది ఆయనకంటే ముందు 52 పేర్లు పిలిచారన్నమాట. దీన్ని ఆయన ప్రతిభకు తక్కువ వెలగా భావించనక్కరలేదు. పద్దెనిమిదేళ్ళ కుర్రాడిలో వేగం కనిపిస్తుంది, షాట్ కనిపిస్తుంది. ప్రత్యర్థి ఎటు తిరుగుతాడో ముందే పసిగట్టే నేర్పు మాత్రం పెద్దవాళ్ళతో ఆడితే తప్ప బయటపడదు. అందుకే డ్రాఫ్ట్ సంవత్సరానికీ మొదటి మ్యాచ్‌కూ మధ్య ఎంత కాలం గడిచిందో, ఆ కాలంలో అతను ఎక్కడ ఆడాడో చూడడం మేలు. లిడ్‌స్ట్రోమ్ ఆ తరువాత రెండేళ్ళు స్వదేశంలోనే, వెస్టెరోస్ జట్టులో ఆడి, 1991లో స్వీడన్‌తో ప్రపంచ ఛాంపియన్‌షిప్ గెలిచాకే అమెరికా వచ్చారు. వచ్చిన ఏడాదే 60 పాయింట్లు చేసి, ఉత్తమ కొత్త ఆటగాడి ఎంపికలో పావెల్ బ్యూరే తరువాతి స్థానంలో నిలిచారు.

గోల్స్, అసిస్ట్‌ల గడులను అసలే వదిలేయమని నా ఉద్దేశం కాదు. ఆయన 264 గోల్స్ చేశారు, 878 అసిస్ట్‌లు ఇచ్చారు. దాదాపు ఆరు మ్యాచ్‌లకొక గోల్ అన్నమాట. గోల్‌కు మూడింతలకు మించి ఉన్న ఆ అసిస్ట్‌లే ఇక్కడ గమనించదగ్గవి. తన వైపు నుంచి పక్‌ను సరైన పాస్‌తో బయటికి పంపేవాడికీ, పవర్ ప్లేలో (పెనాల్టీ వల్ల ఎదుటి జట్టులో మనుషులు తక్కువున్నప్పుడు) దాడి ప్రాంతపు అంచైన బ్లూ లైన్ దగ్గర నిలబడి ఆట నడిపేవాడికీ ఆ గడి నిండుతుంది. ఒక గోల్‌కు ఇద్దరి వరకు అసిస్ట్ దక్కుతుందన్న సంగతి మరవకుండా ఉంటే చాలు.

ఇక ఎక్కువమంది తడబడేది ప్లస్-మైనస్ దగ్గర. ఇరు జట్లలోనూ సమాన సంఖ్యలో ఆటగాళ్ళున్నప్పుడు తన జట్టు గోల్ చేస్తే, ఆ క్షణాన మంచు మీద ఉన్న ఆ జట్టు ఆటగాళ్ళందరికీ ఒక ప్లస్ వస్తుంది. గోల్ సమర్పించుకుంటే ఒక మైనస్ పడుతుంది. పవర్ ప్లేలో చేసిన గోల్ ఈ లెక్కలోకి రాదు; పెనాల్టీ వల్ల తక్కువమందితో ఆడుతున్న జట్టు గోల్ చేస్తే మాత్రం వస్తుంది. కెరీర్ మొత్తం మీద లిడ్‌స్ట్రోమ్ అంకె ప్లస్ 450. ఇరవై సీజన్లలో ఆయన మైనస్‌లోకి జారింది ఒకే ఒక్కసారి, 2010-11లో, అదీ మైనస్ 2. విచిత్రమేమిటంటే, 41 ఏళ్ళ వయసులో ఏడో నోరిస్ ట్రోఫీ అందుకున్నది ఆ సీజన్‌కే. ఆయన జీవితంలోని ఏకైక హ్యాట్రిక్ (ఒకే మ్యాచ్‌లో మూడు గోల్స్) కూడా ఆ సీజన్‌లోనే, 2010 డిసెంబరు 15న సెయింట్ లూయిస్ మీద వచ్చింది. ఈ గడి ఆటగాడి పక్కనున్న నలుగురినీ, వెనకనున్న గోలీనీ (గోల్‌కీపర్‌నూ), ఎదుటి జట్టునూ కలిపి తూచే త్రాసు. ఒక సీజన్‌కు దాన్ని ప్రమాణంగా తీసుకోవడం సరికాదు. పదిహేను, ఇరవై సీజన్లు ఒకేవైపు మొగ్గితే మాత్రం నమ్మవచ్చు.

నా దృష్టిలో అసలు కీలకం మంచు మీద గడిపిన సమయం. ఒక మ్యాచ్ మూడు పీరియడ్లుగా 60 నిమిషాలు. సాధారణంగా ఇద్దరేసి డిఫెన్స్‌మన్లు బరిలో ఉంటారు కాబట్టి పంచవలసినవి 120 నిమిషాలు. జట్టుకు ఆరుగురు డిఫెన్స్‌మన్లుంటారు గనుక సమానంగా పంచితే తలా 20 నిమిషాలు వస్తాయి. మీరు పరిశీలిస్తున్న ఆటగాడి సగటును ఈ ఇరవైతో పోల్చండి. పదిహేను దగ్గరుంటే అతను మూడో జోడీ మనిషి. ఇరవై నాలుగు దాటితే కోచ్ అతని మీద ఆధారపడుతున్నాడు. 2001-02లో లిడ్‌స్ట్రోమ్ సగటు 28 నిమిషాలు దాటింది. ఆ ఏడాది లీగ్ విజేతను తేల్చే స్టాన్లీ కప్ ఫైనల్ మూడో మ్యాచ్ కరోలినాతో మూడో ఓవర్‌టైమ్ దాకా సాగినప్పుడు, ఆయన ఆ ఒక్క రాత్రే 50 నిమిషాలకు పైగా ఆడారు.

పెనాల్టీ నిమిషాల గడిని దీని పక్కనే పెట్టి చూడాలి. ఎక్కువసేపు ఆడేవాడు ఎక్కువసార్లు పెనాల్టీ బాక్స్‌కు వెళ్ళడం సహజం. 1,564 మ్యాచ్‌లలో లిడ్‌స్ట్రోమ్‌కు పడినవి 514 నిమిషాలు. మ్యాచ్‌కు లెక్క కడితే సుమారు ఇరవై సెకన్లు. అంతసేపు, అంతటి ప్రత్యర్థుల ఎదుట ఆడుతూ, పట్టుకోకుండా, కాలు అడ్డం పెట్టకుండా, కర్రతో కొట్టకుండా నెగ్గుకొచ్చాడంటే అతను ఎప్పుడూ ఉండవలసిన చోటే ఉన్నాడని అర్థం. స్థానం తప్పినవాడే కదా చొక్కా పట్టుకుని లాగేది.

పట్టికలో లేనిది ఒకటుంది: ఎవరికి ఎదురుగా దింపారు? దీనికి పాత మ్యాచ్ నివేదికలు వెతకాలి. 1997 ఫైనల్‌లో ఫిలడెల్ఫియా జట్టుకు ఎరిక్ లిండ్రోస్ నాయకత్వంలో భారీకాయులైన ఫార్వర్డ్‌ల వరుస ఒకటుండేది. వారిని ఢీకొట్టడానికి కండబలం ఉన్న జోడీని దింపుతారని అందరూ అనుకుంటుండగా, డెట్రాయిట్ కోచ్ స్కాటీ బౌమన్ ఢీకొట్టడం అలవాటులేని లిడ్‌స్ట్రోమ్‌నూ ల్యారీ మర్ఫీనీ దింపారు. పక్ వారికి చిక్కకపోతే వారి బరువుతో పనేముంది? డెట్రాయిట్ నాలుగుకు నాలుగు మ్యాచ్‌లూ గెలిచింది. ఇటువంటి ఒక్క నిర్ణయం పది అవార్డులకంటే ఎక్కువ చెబుతుంది.

వీడియోలతో జాగ్రత్త అవసరం. 2002 ప్లేఆఫ్స్ తొలి రౌండ్‌లో మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడిన డెట్రాయిట్, మూడోది వాంకూవర్‌లో 1-1తో ఆడుతుండగా, రెండో పీరియడ్ చివరి అర నిమిషంలో లిడ్‌స్ట్రోమ్ మధ్య గీత దగ్గర నుంచి కొట్టిన షాట్ గోలీ డాన్ క్లూటియర్‌ను దాటి వలలో పడింది. డెట్రాయిట్ ఆ మ్యాచ్, ఆ సిరీస్, చివరికి కప్పు కూడా గెలిచింది. ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడి పురస్కారం పొందిన తొలి యూరోపియన్‌గా లిడ్‌స్ట్రోమ్ నిలిచారు. అభిమానులు ఆ గోల్‌ను ఇప్పటికీ పదేపదే చూస్తారు. ఆయన ఆట తెలుసుకోవాలనుకునేవారికి మాత్రం అంతకంటే పనికిరాని వీడియో మరొకటి లేదు.

దానికి బదులు ఆయన ఆడిన ఒక పూర్తి మ్యాచ్ సంపాదించి, పక్‌ను వదిలేసి 5వ నంబరు చొక్కాను మాత్రమే చూడండి. ఒక్కో షిఫ్ట్ (మంచు మీదకు దిగి మళ్ళీ బయటికి వచ్చేదాకా ఉండే సమయం) ముప్పావు నిమిషం దరిదాపుల్లో ఉంటుంది గనుక కళ్ళు అలసిపోవు. ప్రత్యర్థి పక్‌తో వస్తున్నప్పుడు వెనక్కి జరుగుతూ అతనికీ తనకూ మధ్య ఎంత దూరం ఉంచారో, అది ఒక కర్ర పొడవుకు తగ్గిందా పెరిగిందా అన్నది గమనించండి. ఆయన చూపు పక్ మీద కాక ప్రత్యర్థి ఛాతీ మీద ఉందో లేదో, అతన్ని మధ్యలోకి రానివ్వకుండా గోడవైపుకు నెట్టుకుపోయారో లేదో చూడండి. కర్ర కొన చాచి పక్‌ను పక్కకు తోసేయడం రెప్పపాటులో జరిగిపోతుంది. ఆ తరువాత ఆయన తల ఎత్తి ఎవరికి పాస్ ఇచ్చారన్నది అంతకంటే ముఖ్యం. మొదటి పీరియడ్‌లో మీకు ఏమీ జరగనట్టే అనిపించవచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది. రెండో పీరియడ్‌కు గానీ, ఆయన ఉన్నవైపు నుంచి ఎదుటి జట్టు దాడికి రావడం మానేసిందని నా కంట పడలేదు.