అటక మీది బ్రౌనీకి కొత్త రీలు: 120ని 620 స్పూల్ మీదికి చుట్టి ఎక్కించే పద్ధతి

మా విశాఖపట్నంలో వన్ టౌన్‌లో, మహారాణిపేటలో, పెద వాల్తేరులో పాత ఇళ్లు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడుతున్నారు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అటక మీది సామానంతా కిందికి దిగుతుంది. అందులో ఒక్కోసారి కొడాక్ బ్రౌనీ లాంటి నల్లటి రేకు డబ్బా కెమెరా (బాక్స్ కెమెరా) బయటపడుతుంది. నేను ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. కెమెరాల సంగతి చూస్తానని మా వీధిలో అందరికీ తెలుసు కాబట్టి అలాంటివి నా దగ్గరికి తెస్తుంటారు. తెచ్చినవాళ్లు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "మాస్టారూ, దీనికి రీలు ఇంకెక్కడ దొరుకుతుంది? షోకేసులో పెట్టేద్దామా?"

రీలు దొరుకుతుంది. షోకేసులో పెట్టకండి. బాక్స్ కెమెరాలో పాడవడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక గాజు కటకం, ఒక స్ప్రింగు, వెలుగును క్షణంపాటు లోపలికి వదిలే రేకు బిళ్ల, అంతే. అది ఇచ్చే నెగటివ్ మాత్రం సుమారు 6×9 సెంటీమీటర్లు ఉంటుంది. పెళ్లిళ్లలో వాడిన 35 ఎంఎం నెగటివ్‌తో పోలిస్తే ఐదు రెట్లకు పైగా పెద్దది. ఇంత పెద్ద నెగటివ్ ఇచ్చే పెట్టె ఇంట్లో ఉండగా దాన్ని అద్దాల వెనక పెట్టడం నాకు నచ్చదు.

ముందు ఏ రీలో తేల్చుకోండి

వెనక తలుపు లోపలి వైపో, స్పూల్ (ఫిల్మ్ చుట్టి ఉండే కడ్డీ) కూర్చునే చోటో రీలు సైజు అంకె రాసి ఉంటుంది. 120 అని ఉంటే మీ పని సులువు. కొడాక్ కంపెనీ నంబర్ 2 బ్రౌనీ కోసం 1901లో తెచ్చిన ఈ సైజు ఇప్పటికీ తయారవుతోంది. బరోడాలో తయారై మన ఇళ్లలో ఒకప్పుడు బాగా తిరిగిన అగ్ఫా క్లిక్ త్రీ కూడా 120దే. అందులో 6×6 చదరపు బొమ్మలు పన్నెండు వస్తాయి. ఇలాంటి కెమెరా మీ దగ్గరుంటే చీకట్లో చుట్టే భాగం వదిలేసి నేరుగా ఎక్కించే భాగానికి వెళ్లండి.

116, 616 అని ఉంటే ఫిల్మ్ వెడల్పే వేరు, 127 ఇంకా సన్నం. వాటి సంగతి ఇక్కడ చెప్పడం లేదు.

ఎక్కువమందిని ఆపేది 620. కొడాక్ 1930ల మొదట్లో దీన్ని తెచ్చి 1995లో ఆపేసింది. లోపలి ఫిల్మ్, దాని వెనక కాగితం, కాగితం మీది అంకెలు అన్నీ 120వే. స్పూల్ ఒక్కటే తేడా. 120 స్పూల్ నడుము లావు, చివరి బిళ్ల వ్యాసం సుమారు 25 మిల్లీమీటర్లు. 620 రేకు స్పూల్ నడుము సన్నం, బిళ్ల సుమారు 23 మిల్లీమీటర్లు, ఫిల్మ్‌ను తిప్పే తాళం పట్టే గాడి కూడా చిన్నది. అందుకే కొన్న రీలు కొన్నట్టు పెడితే పట్టదు.

ప్లాస్టిక్ స్పూల్ అంచుల్ని గోళ్లు తీసుకునే కట్టర్‌తో కత్తిరించి, గరుకు కాగితంతో అరగదీసి ఇరికించేవాళ్లున్నారు. నేను వద్దంటాను. అంచు తగ్గిస్తే వెలుగును ఆపే గోడ తగ్గినట్టే. పైగా ప్లాస్టిక్ పొడి కెమెరాలో రాలుతుంది, రీలు బిగుసుకుని మధ్యలో తాళం తిరగదు. బ్రౌనీ హాకై ఫ్లాష్ లాంటి ఒకటి రెండు మోడళ్లలో నిండు రీలు వైపు 120 స్పూల్ అలాగే పట్టేస్తుంది. అందులోనూ ఫిల్మ్ చుట్టుకునే వైపు 620 స్పూలే కావాలి. మిగతావాటికి చీకట్లో చుట్టుకోవడమే సరైన దారి.

ఇందుకు రెండు ఖాళీ 620 స్పూళ్లు, ఒక ఖాళీ 120 స్పూల్ కావాలి. పాత కెమెరా తెరిస్తే ఒక 620 స్పూల్ సాధారణంగా లోపలే ఉంటుంది. రెండోది ఆన్‌లైన్‌లో కొనొచ్చు, చచ్చిపోయిన మరో 620 కెమెరా నుంచి తీసుకోవచ్చు. తుప్పు పట్టిన స్పూల్ తీసుకోకండి. మన ఉప్పు గాలికి రేకు అంచు గరుకెక్కి, కాగితాన్ని అంచుల్లో చీలుస్తుంది.

రీలు కొనేముందు కెమెరాకు పరీక్ష

చీకటి గదిలో వెనక తలుపు తెరిచి మొబైల్ టార్చ్‌ను లోపల పెట్టి, తలుపు వీలైనంత మూసి చుట్టూ చూడండి. మూలల్లో, అతుకుల దగ్గర సన్నటి గీతలా వెలుగు కనిపిస్తే అక్కడ నల్ల టేపు వేయాలి. షట్టర్ మీటను నొక్కి కటకం గుండా చూడండి, వెలుగు ఒకసారి తళుక్కుమనాలి. కటకం మీద బూజు ఉంటే లెన్స్ క్లీనర్‌తో మెత్తటి గుడ్డ తడిపి తుడవండి. బొమ్మ చూసుకునే వ్యూఫైండర్ అద్దాన్ని మాత్రం గట్టిగా రుద్దకండి. పూత పైపైనే ఉంటుంది, గుడ్డతోపాటు వచ్చేస్తుంది.

చీకట్లో చుట్టడం

రీలు ఫ్రిజ్‌లో దాచుకుంటే ముందు బయటపెట్టి, కవరు విప్పకుండా రెండు గంటలు ఆగండి. విశాఖ గాలిలో ఉన్న తేమకు చల్లటి ఫిల్మ్ తగిలితే నీటి పొర పట్టి ఫిల్మ్, కాగితం అతుక్కుంటాయి.

చేతులు దూర్చుకునే నల్ల సంచిలో చేయొచ్చని చెబుతారు. డిసెంబరు, జనవరిల్లో సరే. ఏప్రిల్‌లో ఆ సంచిలో రెండు నిమిషాలకే చేతులు చెమటతో తడుస్తాయి. నేను రాత్రి పడకగదిలో ఏసీ వేసి, తలుపు కింద దుప్పటి తోసి, కిటికీకి రెండు వరుసల ముదురు దుప్పట్లు కట్టి చేస్తాను. ఏసీ మీద వెలిగే అంకెలు, ఛార్జర్ లైటు, వైఫై పెట్టె చుక్కలు అన్నీ కప్పేయాలి. ఎర్ర లైటు వేసుకుంటే ఫర్వాలేదనుకునేరు. ఆ సౌకర్యం ప్రింటు కాగితానికే. ఇప్పటి ఫిల్మ్ ఎరుపును కూడా పట్టుకుంటుంది.

చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. బల్ల మీద ఎడమ నుంచి కుడికి వరుసగా 120 రీలు, ఖాళీ 120 స్పూల్, ఖాళీ 620 స్పూల్, ఒక రబ్బరు బ్యాండు పెట్టుకోండి. ఆ వరుస చేతికి గుర్తుండాలి.

ఒకసారి కాక రెండుసార్లు ఎందుకు చుట్టాలో ముందే తెలుసుకుంటే చీకట్లో టెన్షన్ ఉండదు. 120 రీలులో మొదట ఖాళీ కాగితం వస్తుంది. తరువాత టేపుతో అంటించిన ఫిల్మ్ మొదలవుతుంది. ఆ టేపు ఒక్క చివరే ఉంటుంది, రెండో చివర వదులుగానే ఉంటుంది. ఒక్కసారే చుట్టి ఆపేస్తే రీలు తిరగబడి, తోక కాగితం బయట ఉంటుంది. దాన్ని మళ్లీ చుడితేనే మొదలు బయటికొస్తుంది.

లైటు ఉండగానే సీలు తెంపి, కాగితం నాలుకను ఖాళీ 120 స్పూల్ గాడిలో దూర్చి, మధ్యకు సరిచూసి ఒకటి రెండు చుట్లు తిప్పండి. ఇప్పుడు లైటు ఆపండి. కళ్లు అలవాటు పడేదాకా కూర్చుని, ఎక్కడైనా వెలుగు కనిపిస్తోందా చూసుకోండి.

తరువాత మెల్లగా మొత్తం చుట్టేయండి. టేపు వచ్చినచోట మందం మారినట్టు వేలికి తెలుస్తుంది. ఫిల్మ్ చివర కాగితం నుంచి విడిగా లేస్తుంది, దాన్ని అంచులు పట్టుకుని లోపలికి నడిపించండి. తోక కాగితం కూడా చుట్టుకున్నాక మొదటి చుట్టు అయిపోయినట్టు.

రెండో చుట్టులో తోక కాగితం కొసను 620 స్పూల్ గాడిలో దూర్చండి. గాడి సన్నం కాబట్టి కొస నలగకుండా పెట్టాలి. కాగితం నల్లవైపు లోపలికి, నున్నటి అచ్చువైపు బయటికి ఉండాలి. కొన్ని చుట్లకు ఫిల్మ్ వదులు చివర వస్తుంది. అది కాగితానికీ స్పూల్‌కీ మధ్యలోకి నేరుగా వెళ్లాలి. వంకరగా వెళ్తే అక్కడే ఆగి వెనక్కి తిప్పి మళ్లీ పెట్టండి, ఆ వంకర చివరిదాకా పెరుగుతూనే ఉంటుంది. రెండు బొటనవేళ్లతో అంచులు పట్టి ఉంచి, పొగాకు చుట్టలా గట్టిగా చుట్టాలి. చుట్టిన తరువాత కొస పట్టుకుని లాగి బిగించాలని చూడకండి, ఫిల్మ్ పొరలు ఒకదానికొకటి రాసుకుని గీతలు పడతాయి.

చివర్లో టేపు దగ్గరికి వచ్చేసరికి ఫిల్మ్ చిన్న ఉబ్బులా పైకి లేస్తుంది. స్పూల్ నడుము సన్నం కావడంతో ఫిల్మ్‌కూ కాగితానికీ చుట్టు కొలత తేడా వస్తుంది. అది మామూలే. మడతపెట్టి నొక్కేయకండి. టేపును కాగితం నుంచి చాలా మెల్లగా విడదీసి, ఫిల్మ్‌ను చదునుగా పరిచి మళ్లీ అంటించండి. టేపు విసురుగా లాగితే చీకట్లో చిన్న మెరుపు వస్తుంది, అది కూడా ఫిల్మ్ మీద పడుతుంది. మిగిలిన కాగితం చుట్టి, రబ్బరు బ్యాండు వేసి లైటు వేయండి.

ఈ పని మొదటిసారి మంచి ఫిల్మ్‌తో చేయకండి. గడువు తీరిన రీలు ఒకటి సంపాదించి పగలు కళ్లు తెరిచి, తరువాత కళ్లు మూసుకుని సాధన చేయండి. మా పక్కింటి కుర్రాడికి అలాగే నేర్పాను. ఇప్పుడు వాడు టీవీ పాటలు వింటూ చుట్టేస్తున్నాడు.

కెమెరాలో ఎక్కించడం

ఎండలో కాక ఇంట్లో నీడపట్టున చేయండి. బీచ్‌లో అసలు తెరవకండి, ఒక్క ఇసుక రేణువు చాలు రీలంతా గీత పడటానికి.

ముందు తాళాన్ని బయటికి లాగాలి. ఇది మరిచి లోపలి చట్రాన్ని లాగితే రేకు వంగుతుంది. తలుపు తెరిచి చట్రం బయటికి తీయండి. ఖాళీ స్పూల్ (620 కెమెరాకు 620ది, 120 కెమెరాకు 120ది) తాళం వైపు, నిండు రీలు ఎదురు వైపు పెట్టండి. రబ్బరు బ్యాండు (నేరుగా పెట్టే 120 రీలైతే సీలు) తీసి, బొటనవేలితో రీలును అదిమి పట్టి, కాగితం కొసను దొర్లుడు కడ్డీల మీదుగా చట్రం వెనకవైపు తిప్పి ఖాళీ స్పూల్ గాడిలో దూర్చండి. కాగితం నల్లవైపు కటకాన్ని చూడాలి, అంకెల వైపు మిమ్మల్ని చూడాలి. రెండు చుట్లు తిప్పి, కాగితం రెండు అంచులూ సమంగా ఉన్నాయని చూశాక చట్రం లోపలికి తోయండి. తాళాన్ని లోపలికి నొక్కుతూ తిప్పితే గాడిలో పడుతుంది. కాగితం బిగిసిందని చూసి తలుపు మూయండి.

వెనక ఉన్న ఎర్ర కిటికీ ఆనాటి చాలా ఫిల్ములకు ఎరుపు కనిపించదన్న లెక్కతో పెట్టింది. ఇప్పటి ఫిల్ములకు కనిపిస్తుంది. అందుకని దాని మీద నల్ల కాగితం ముక్క, పైన ఇన్సులేషన్ టేపు రెక్కలా అంటించండి. కాగితం లేకుండా టేపు నేరుగా వేస్తే మన వేడికి జిగురు కరిగి కిటికీకి పట్టేస్తుంది. అంకె చూసేటప్పుడు మీ నీడలోకి తిరిగి, రెక్క ఎత్తి, మెల్లగా తిప్పండి. మొదటి అంకెకు చాలా చుట్లు పడతాయి, కంగారుపడొద్దు. గుర్తులు, చుక్కలు వచ్చాక 1 వస్తుంది. కొన్ని ఫిల్ముల మీద అంకెలు లేత రంగులో ఉంటాయి, జాగ్రత్తగా చూడాలి. 6×9 కెమెరాలో ఎనిమిది బొమ్మలు.

ఈ పెట్టెలో ఒకే చోట రెండు బొమ్మలు పడకుండా ఆపే ఏర్పాటేదీ ఉండదు. మీట నొక్కగానే తరువాతి అంకెకు తిప్పేయండి.

ఏ ఫిల్మ్, ఏ వెలుగు

బాక్స్ కెమెరా షట్టర్ సెకనులో 30 నుంచి 50వ వంతు మధ్య, వెలుగు వచ్చే రంధ్రం ఎఫ్/11 నుంచి ఎఫ్/16 మధ్య ఉంటాయి. మన ఎండకు ఫోమాపాన్ 100, ఇల్‌ఫోర్డ్ ఎఫ్‌పీ4 ప్లస్ చక్కగా సరిపోతాయి. మబ్బు రోజులకు హెచ్‌పీ5 ప్లస్ 400. రంగుల్లో కావాలంటే కొడాక్ గోల్డ్ 200ను 2022 నుంచి 120లోనూ ఇస్తున్నారు. స్లైడ్ ఫిల్మ్ (తెర మీద వేసి చూసే పాజిటివ్ ఫిల్మ్) వద్దు, అది వెలుగులో చిన్న తేడాను కూడా ఓర్చుకోదు.

సూర్యుడు మీ వెనక ఉండాలి. మన తీరం తూర్పు వైపు చూస్తుంది కాబట్టి పొద్దున సముద్రానికి వీపు పెట్టి బీచ్ రోడ్డు మేడల్ని తీయండి. సముద్రం, బీచ్‌లో ఉన్న కురుసుర జలాంతర్గామి కావాలంటే మధ్యాహ్నం మూడు దాటాక రోడ్డు వైపు నిలబడండి. ఆర్కే బీచ్ నుంచి డాల్ఫిన్స్ నోస్ కొండను తీయడానికి పొద్దున ఎనిమిది, తొమ్మిది మంచి సమయం. మనుషుల్ని తీస్తే కనీసం పది అడుగుల దూరం ఉండాలి, అంతకన్నా దగ్గరైతే మసకబారతారు. కెమెరాను పొట్టకు ఆనించి ఊపిరి బిగబట్టి నొక్కండి. బీచ్ పిట్టగోడ మీద పెట్టి తీస్తే ఇంకా మంచిది.

తీశాక

ఎనిమిదో బొమ్మ తరువాత కాగితం కొస దాటిపోయి తాళం వదులయ్యేదాకా తిప్పి, ఇంట్లో నీడలో తెరవండి. రీలు విచ్చుకోకుండా వెంటనే వేలితో అదిమి, కొస మడిచి, దాని మీదే ఉన్న పట్టీ అంటించి నల్ల కవరులో పెట్టండి. తేమలో వారాలపాటు ఉంచకుండా కడగడానికి ఇచ్చేయండి.

ల్యాబుకు కొరియర్‌లో పంపేటట్టయితే రెండు మాటలు పెద్ద అక్షరాలతో కవరు మీదే రాయండి: "ఇది 620 స్పూల్ మీద చుట్టిన 120 ఫిల్మ్", "ఖాళీ స్పూల్ తప్పకుండా తిరిగి పంపండి". ల్యాబుల్లో ఖాళీ స్పూళ్లు చెత్తబుట్టలో వేయడం అలవాటు. ఆ రేకు స్పూల్ పోతే మీ దగ్గర మిగిలేది ఒకటే, తరువాతి రీలు ఎక్కించడానికి రెండు కావాలి.