స్పోర్ట్స్ కారులో రోడ్డు రొద తగ్గించాలంటే: షీట్లు కొనే ముందు, కొన్న తర్వాత

స్పోర్ట్స్ కార్లలో టైర్ల హోరు ఎక్కువగా వినబడటానికి కారణం వాటి తయారీలోనే ఉంది. వెడల్పు టైర్లు, పొట్టి సైడ్‌వాల్ (టైరు పక్క గోడ), గట్టి బుష్‌లు (సస్పెన్షన్ కీళ్లలో ఉండే దిండ్లు), బరువు తగ్గించేందుకు పలచన చేసిన లోపలి లైనింగు. టూ సీటర్లలో, హ్యాచ్ ఉన్న కూపేల్లో అయితే వెనక చక్రాలు మన చెవుల వెనకే తిరుగుతుంటాయి, చాలావాటిలో మధ్యలో డిక్కీ గోడ కూడా ఉండదు. మామూలు సెడాన్‌కి చేసినట్టు డోర్లకి శబ్దం తగ్గించే షీట్లు అంటించి వదిలేస్తే డోరు వేసిన చప్పుడు గంభీరంగా మారుతుంది, హోరు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. పెట్టే డబ్బులో ఎక్కువ భాగం టైర్ల మీద, వెనక వీల్ ఆర్చ్‌ల (చక్రం పైన ఉండే రేకు వంపుల) మీద పెట్టాలి.

ముందు శబ్దం ఎక్కడిదో తేల్చుకోండి. వైజాగ్ దగ్గరి ఆనందపురం–అనకాపల్లి ఆరు వరుసల రోడ్డు మీద తెల్లవారుజామున ట్రాఫిక్ లేనప్పుడు ఒక ముక్క ఎంచుకుని, అద్దాలు మూసి, ఏసీ బ్లోయర్ ఆపి 80లో వెళ్లి, యాక్సిలరేటర్ వదిలి వినండి. ఇంజిన్ మాత్రం ఆపకండి, స్టీరింగూ బ్రేకూ బిగుసుకుపోతాయి. నున్నటి తారు మీదికి రాగానే హోరు తగ్గితే అది టైరుది. రోడ్డు మారినా తగ్గక, వేగంతో పాటే పెరిగే ఈల గాలిది. డోరు అంచుల వెంట మాస్కింగ్ టేపు వేసి మళ్లీ వెళ్తే తెలిసిపోతుంది. రుషికొండ–భీమిలి వైపు మలుపుల్లో ఎడమకి తిరిగినప్పుడు మూలుగు పెరిగి, కుడికి తిరిగినప్పుడు తగ్గితే కుడి పక్క వీల్ బేరింగ్‌ని అనుమానించండి. పోయిన బేరింగ్‌ని షీట్లతో కప్పాలని చూస్తే డబ్బు దండగ, ప్రమాదం కూడా.

ఇక టైర్లు. ట్రెడ్ మీద అరచేతిని ముందుకోసారి, వెనక్కోసారి నెమ్మదిగా నిమరండి. ఒక వైపు నున్నగా, రెండో వైపు రంపం పళ్లలా తగిలితే అది మెట్ల అరుగుదల. ఎక్కువగా టో అలైన్‌మెంట్ (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పడం వల్ల వస్తుంది. ముందూ వెనకా వేర్వేరు సైజు టైర్లున్న కార్లలో వాటిని అటూ ఇటూ మార్చడం కుదరదు కాబట్టి ఇది త్వరగా ముదురుతుంది. అలైన్‌మెంట్ సరిచేస్తే కొత్త టైరు పాడవదు, అరిగినది మాత్రం అరుస్తూనే ఉంటుంది. సైడ్‌వాల్ మీద నాలుగంకెల తేదీ చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం. ఎండలో పార్క్ చేసే బండిలో ట్రెడ్ మిగిలి ఉన్నా రబ్బరు గట్టిపడి చప్పుడు పెరుగుతుంది. గాలి ఒత్తిడి డోరు పిల్లర్ మీది స్టిక్కర్ ప్రకారమే ఉండాలి, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. బంకులో 'కొంచెం ఎక్కువే' కొట్టించుకునే అలవాటుంటే ఇక్కడే కొంత రొద పోతుంది.

కొత్త టైర్లు కొనేటప్పుడు యూరప్ లేబుల్ మీది డెసిబెల్ అంకెని చూసి మోసపోవద్దు. అది బండి పక్కనుంచి వెళ్తుంటే బయట వినబడే శబ్దం, లోపలిది కాదు. సుమారు 200 హెర్ట్జ్ దగ్గర డబ్బా మోగినట్టు వచ్చే శబ్దం టైరు లోపలి గాలి అనునాదం. దానికి లోపల ఫోమ్ అంటించిన టైర్లు బాగా పనిచేస్తాయి. కాంటినెంటల్ కాంటిసైలెంట్, మిషెలిన్ అకౌస్టిక్ అలాంటివే. పంక్చరైతే లోపల ప్యాచ్ వేయడానికి ఆ చోట ఫోమ్ కోసి తీయాలి. రోడ్డు పక్క పంక్చర్ షాపులో దీనికి ఓపిక దొరకడం కష్టం. రన్‌ఫ్లాట్ల (గాలి పోయినా కొంత దూరం నడిచే గట్టి టైర్ల) నుంచి మామూలు టైర్లకి మారినా తేడా తెలుస్తుంది, కాకపోతే డిక్కీలో పంక్చర్ కిట్టూ ఎయిర్ పంపూ ఉండాల్సిందే. ఎవరైనా రబ్బరు కంటే గట్టిగా ఉండే పాలీయురేథేన్ బుష్‌లు వేసి ఉంటే వాటిని తీసి రబ్బరువి వేయించనిదే మిగతా పనికి పెద్దగా ఫలితం ఉండదు.

షీట్ల పని వెనక నుంచి మొదలుపెట్టండి. ఒక కూపేకి 2 మి.మీ. బ్యుటైల్ షీటు (రేకు అదురు తగ్గించే రబ్బరు షీటు) 4 చదరపు మీటర్లు, 6 మి.మీ. క్లోజ్డ్ సెల్ ఫోమ్ (నీరు పీల్చని ఫోమ్) కూడా 4 చదరపు మీటర్లు, శబ్దాన్ని అడ్డుకునే బరువైన వినైల్ షీటు 2 చదరపు మీటర్లు చాలు. చదరపు మీటరుకి బ్యుటైల్ 3 కిలోల పైన, వినైల్ దాదాపు 5 కిలోలు తూగుతుంది. మొత్తం మీద బండికి 25 కిలోల దాకా కలుస్తుంది. చవగ్గా దొరికే తారు షీట్లు వద్దు. మే నెలలో కరిగి జారతాయి, నెలల తరబడి వాసన కొడతాయి.

బ్యాటరీ నెగటివ్ తీసి పది నిమిషాలు ఆగాకే సీట్ల కింది పసుపు కనెక్టర్లు ముట్టుకోండి, అవి ఎయిర్‌బ్యాగ్‌లవి. హ్యాచ్ కార్పెట్టూ పక్క ట్రిమ్ములూ తీయండి. రేకుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. మన ఉక్కపోతలో చెమట చుక్క పడ్డ చోట కూడా షీటు తర్వాత లేచిపోతుంది. సముద్రపు గాలికి తుప్పు మొదలైన మచ్చ కనిపిస్తే గీకి, ప్రైమర్ కొట్టి, ఆరాకే అంటించాలి. రేకుని వేలితో కొడితే డబ్బాలా మోగే చోట మధ్యలో వేయండి, ప్యానెల్‌లో మూడో వంతు నిండితే సరిపోతుంది. పూర్తిగా కప్పితే బరువు పెరుగుతుందే తప్ప లాభం అంతగా పెరగదు. బ్యుటైల్ షీటు పైనుండే ఫాయిల్ మీది అచ్చు గీతలు చెరిగేదాకా రోలర్‌తో గట్టిగా నొక్కాలి. చేతులకి గ్లౌజులు ఉండాలి, ఫాయిల్ అంచు బ్లేడులా కోస్తుంది.

వీల్ ఆర్చ్ లోపలి వంపు మీద లెక్క వేరు. అక్కడ బ్యుటైల్ నిండుగా, దాని మీద ఫోమ్, ఆ పైన వినైల్ పరవాలి. వినైల్‌కి ఎక్కడా సందు ఉండకూడదు, జాయింట్లకి టేపు వేయాలి. అది రేకుకి నేరుగా తగలకూడదు, ఫోమ్ మీదే తేలాలి. సందు వదిలితే గాలి ద్వారా వచ్చే శబ్దం అక్కడి నుంచే దూరుతుంది.

క్వార్టర్ ప్యానెల్ (వెనక చక్రాల పక్క బాడీ రేకు) ఖాళీల్లో జనపనార, పాత బట్టల ఫెల్ట్ వద్దు. వైజాగ్ తేమకి అవి నీళ్లు పీల్చి బూజు పట్టి, రేకుని లోపల్నుంచి తినేస్తాయి. నీరు పట్టని పాలిస్టర్ ఫైబర్ వదులుగా పెట్టండి. వెనక బంపర్ లోపల ఉండే గాలి ఫ్లాపులు మాత్రం మూసుకుపోకూడదు. మూస్తే డోరు గట్టిగా కొడితే గానీ పడదు, అద్దాలకి ఆవిరి కూడా పడుతుంది.

వీల్ ఆర్చ్‌కి బయట నుంచి చేసేటప్పుడు బండిని స్టాండ్ల మీద నిలిపి, లైనర్ (చక్రం పైన ఉండే ప్లాస్టిక్ తొడుగు) తీసి, మట్టి కడిగి ఆరబెట్టి, రేకు మీద మాత్రమే పలచగా బ్యుటైల్ వేయండి. టైరుకీ లైనర్‌కీ మధ్య సందు తగ్గకూడదు, గుంతలో సస్పెన్షన్ పూర్తిగా కుంగితే రాసుకుంటుంది. సైలెన్సర్ పైప్ వెళ్లే టన్నెల్ (కారు అడుగున మధ్యలో ఉండే గాడి) మీద ఫోమ్ పెట్టొద్దు.

డోర్లకి బయటి రేకు మీద రెండు మూడు ముక్కలు చాలు. అడుగున నీళ్లు కారే రంధ్రాలు మూయకండి, ట్రిమ్ము వెనకుండే ప్లాస్టిక్ షీటు తిరిగి బిగుతుగా అంటించండి. లేకపోతే మొదటి తుపాను వానకే కార్పెట్ తడుస్తుంది.

ప్రతి దశ తర్వాత అదే రోడ్డు, అదే లేన్, అదే గాలి ఒత్తిడితో ఫోన్‌లో కొలవండి. తేడా 3 డెసిబెల్ లోపే ఉంటే చెవికి దాదాపు తెలియదు. వీల్ ఆర్చ్‌లయ్యాక కూడా అంతే వస్తే ముందు సీట్ల వైపు ఫ్లోర్ విప్పడానికి తొందరపడకండి, మళ్లీ టైర్లు నిమిరి చూడండి.