తల్లి లేని బాతు పిల్లలను బతికించుకునే విధానం

వరికోతలు ముగిసిన తరువాత మన నెల్లూరు జిల్లాలో కోవూరు, ఇందుకూరుపేట, బుచ్చిరెడ్డిపాళెం వైపు మళ్లలోకి బాతుల మందలు దిగుతాయి. రాలిన గింజలను, నత్తలను ఏరుకొని మంద మరో ఊరి పొలాలకు సాగిపోయాక, గట్ల వెంట గడ్డిలో అక్కడక్కడా గుడ్లు మిగిలిపోతాయి. మంద బాతులకు గుడ్లు పెట్టడమే గాని పొదిగే గుణం తక్కువ కాబట్టి, ఆ గుడ్లను తెచ్చి పొదుగుకోడి కింద పెట్టడం మన పల్లెల్లో వాడుక. అయితే కోడిగుడ్డు 21 రోజులకు పిల్ల అయితే బాతుగుడ్డుకు 28 రోజులు పడుతుంది. ఆ చివరి వారంలో కోడి విసిగి గంప దిగిపోయినా, పిల్లలు పుట్టాక అది కుక్క నోట పడినా, వాటి భారమంతా ఇంట్లోవాళ్ల మీద పడుతుంది.

పిల్లలు చెరువు గట్టున కనబడితే మాత్రం వెంటనే ఎత్తుకు రాకూడదు. అలికిడికి తల్లి తుంగలో దాక్కొని ఉండవచ్చు కాబట్టి, దూరంగా నిలబడి కనీసం గంటసేపు గమనించాలి. పులికాట్ సరస్సు, నేలపట్టు పక్షుల కేంద్రం పరిసరాలలో అడవి బాతులు కూడా పిల్లలు చేస్తాయి. వాటిని ఇంట్లో పెంచడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అనుమతించదు కనుక, అటువంటి పిల్లలు దొరికితే అటవీ శాఖవారికి తెలియజేయాలి. ఇక్కడ చెబుతున్నది ఇంటి బాతుల సంగతి.

నేను మొదటిసారి ఐదు పిల్లలను సాకినప్పుడు, చేప పిల్లకు ఈత నేర్పాలా అన్న ధీమాతో రెండో రోజే వాటిని నీళ్ల తొట్టిలో వదిలాను. అవి సంబరంగా ఈదాయి. అరగంటకల్లా నూగు తడిసి ఒంటికి అంటుకుపోయి వణకడం మొదలుపెట్టాయి. తెల్లవారేసరికి రెండు చనిపోయాయి. బాతు తోక మొదట్లో ఒక నూనె గ్రంథి ఉంటుంది. ఆ నూనెను తల్లి ముక్కుతో తీసి తన ఈకలకు రాసుకుంటుంది. తల్లి పొట్ట కింద దూరి పడుకున్న పిల్లల నూగుకు అది అంటుతుంది. పిల్ల సొంత గ్రంథి సరిగా పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. అందువల్ల తల్లి లేని పిల్లకు నీరు తాగడానికే గాని ఈదడానికి కాదు. మూడు నాలుగు వారాలు నిండాక, ఎండపూట, మనం పక్కనే ఉండి, లోతులేని పళ్లెంలో ఐదు నిమిషాలు ఆడనిచ్చి, పొడిగుడ్డతో ఒత్తి వెచ్చగా ఉంచితే చాలు. ఒంటినిండా ఈకలు రావడానికి ఏడెనిమిది వారాలు పడుతుంది. కాలువ అప్పటి మాట.

తాగే నీటి పాత్ర మాత్రం మరీ లోతు తక్కువగా ఉండకూడదు. మేత పొడి ముక్కు రంధ్రాలలో గడ్డకట్టకుండా పిల్ల తన ముక్కును పూర్తిగా ముంచి కడుక్కోవాలి. మట్టి మూకుడులో గులకరాళ్లు పరిచి, వాటి సందుల్లో నీళ్లు నిలిచేలా పోస్తే ముక్కు మునుగుతుంది, పిల్ల మునగదు.

వెచ్చదనం విషయానికి వస్తే, మొదటి వారం పిల్లలు పడుకునే చోట సుమారు 32 డిగ్రీలు ఉండాలి. తరువాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. పెద్ద అట్టపెట్టెలో ఒక మూలకు 40 వాట్ల పాతరకం బల్బు వేలాడదీసి, రెండో మూలను చల్లగా వదిలేస్తే తమకు కావలసిన చోటును అవే వెతుక్కుంటాయి. బల్బు కింద ఒకదానిమీద ఒకటి ఎక్కి అరుస్తుంటే చలి. దూరంగా జరిగి నోరు తెరిచి రొప్పుతుంటే వేడి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర పగటిపూట బల్బు అక్కరలేదు సరికదా, పెట్టెను రేకుల కప్పు కింద ఉంచితే పిల్లలు ఉడికిపోతాయి. వాయుగుండాల కాలంలో, అంటే నవంబరు, డిసెంబరుల్లో, కరెంటు పోతుంది కనుక వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి సిద్ధంగా ఉంచుకోవాలి.

పెట్టెలో వార్తాపత్రిక పరచవద్దు. దానిమీద కాళ్లు జారి, పక్కలకు పోయి, పిల్ల మళ్లీ నిలబడలేకపోవచ్చు. మొదటి మూడు నాలుగు రోజులు గోనెపట్టా, ఆ తరువాత పొడి ఊక వాడాలి. ఇవి నీళ్లు విపరీతంగా చిమ్ముతాయి కాబట్టి తడిసిన ఊకను రోజూ తీసివేయక తప్పదు.

పుట్టిన పిల్లకు కడుపులోని పచ్చసొన ఒక రోజుకు పైగా సరిపోతుంది, బలవంతంగా తినిపించనక్కరలేదు. చల్లబడి దొరికిన పిల్లను ముందు వెచ్చబెట్టి, తరువాత నీళ్లు చూపి, ఆపైన మేత పెట్టాలి. మందు కలపని కోడిపిల్లల స్టార్టర్ మేతను (మొదటి వారాలలో పెట్టే మేతను) నీళ్లతో తడిపి, ముద్దగా కాక పొడిపొడిగా ఉండేలా పెట్టడం ఉత్తమం. అయితే బాతు పిల్లకు నియాసిన్ అనే బి విటమిన్ కోడిపిల్లకంటే ఎక్కువ కావాలి. అది చాలకపోతే మడమలు ఉబ్బి, కాళ్లు వంగి, కుంటుతాయి. పశువుల మందుల దుకాణంలో దొరికే బి కాంప్లెక్స్ ద్రావణాన్ని సీసా మీది మోతాదు ప్రకారం తాగే నీటిలో కలిపితే ఈ ముప్పు తగ్గుతుంది. మేత దొరకని రోజున ఉడికించిన గుడ్డు చిదిమి, మెత్తగా ఉడికిన నూకలతో కలిపి పెట్టవచ్చు. రెండో వారం నుంచి సన్నగా తరిగిన తోటకూర, నీటిపై పెరిగే అజోల్లా చేర్చవచ్చు. రొట్టె, పాలు పనికిరావు. మైపాడు వైపు దొరికే ఉప్పు చేపల పొడిని కూడా వేయకూడదు, ఉప్పు వీటికి విషంతో సమానం. అన్నిటికంటే ప్రమాదం బూజు. బూజుపట్టిన వేరుశనగ చెక్కలో, మొక్కజొన్నలో ఉండే విషమైన అఫ్లాటాక్సిన్‌కు పెంపుడు పక్షులన్నిటిలో త్వరగా బలయ్యేది బాతు పిల్లేనని చెప్పవచ్చు. ముక్క వాసన వస్తే ఆ బస్తాను పారవేయడమే మేలు.

ఒంటరి పిల్ల ఏడ్చి ఏడ్చి మేత ముట్టదు. మరో పిల్లను తెచ్చి జత చేయాలి, వీలుకాకపోతే పెట్టెలో చిన్న అద్దం నిలబెట్టాలి. ఊళ్లో అప్పుడే పిల్లలు చేసిన కోడి ఉంటే, చీకటి పడ్డాక మెల్లగా దాని రెక్కల కిందికి చేర్చి చూడవచ్చు. తెల్లవారాక పొడుస్తుందేమో దగ్గరుండి గమనించాలి. పుట్టిన మొదటి రోజు కళ్లముందు కదిలినదానినే బాతు పిల్ల తల్లిగా ఎంచుకుంటుంది. మీ వెంటే పడుతుంటే విసుక్కోకండి, దానికి వేరే దిక్కు లేదు.

పగలు కాకి, గద్ద, ముంగిస, రాత్రి పిల్లి, పందికొక్కు పొంచి ఉంటాయి. సన్నకళ్ల ఇనుప జాలీ పైన మూయాలి. చీమలు ఎక్కకుండా పెట్టె చుట్టూ పసుపు చల్లడం మా ఇంట్లో అలవాటు. 2024 ఫిబ్రవరిలో మన జిల్లాలోని చాటగుట్ల, గుమ్మళ్లదిబ్బలలో బర్డ్ ఫ్లూ బయటపడింది. కనుక పిల్లలను ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, వరసగా చనిపోతుంటే వట్టి చేతులతో తాకకుండా పశువైద్యశాలకు తెలపాలి. ఎనిమిది వారాలు దాటాక బాతు ప్లేగు టీకా గురించి అక్కడే అడగాలి.

ఈకలు నిండిన పిల్లలను మొదట ఇంటి దగ్గరి మడిలో, సాయంత్రం పూట, గంటసేపు వదలండి. గుళికల మందు చల్లిన మడి జోలికి, ఎండకు కుళ్లిన నీటిగుంట జోలికి పోనివ్వవద్దు. మేత గిన్నెను తట్టి ఒకే రకంగా పిలవడం మొదటి వారం నుంచే అలవాటు చేసి ఉంటే, చీకటి పడకముందే ఆ చప్పుడుకు వరసకట్టి ఇంటికి వస్తాయి.