రాళ్ల మధ్య రాజధానిని చదవడం – 3వ పాఠం: నీళ్ల వెంట నడవండి

గత రెండు పాఠాల్లో మ్యాప్ మీద పాత రాజధాని హద్దులు ఎలా పట్టుకోవాలో, కోట ద్వారాలను బట్టి పాత బాటలు ఎటు పోయేవో ఎలా చెప్పుకోవచ్చో చూశాం. ఈ పాఠం నీళ్ల గురించి. మొత్తం పాఠాల్లో నాకు బాగా ఇష్టమైనది ఇదే, ఎందుకంటే చదువుకున్నవాళ్లు, చదువుకోనివాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు అందరూ కలిసి చేయగలిగిన పని ఇది. ఉదాహరణకి విజయనగర రాజుల పాత రాజధాని హంపీని తీసుకుంటున్నాను. మా ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లిన ఊళ్లలో ఇప్పటికీ భోజనాల దగ్గర మాటల్లోకి వచ్చేది హంపీయే, దానికి కారణం కూడా ఈ నీళ్లే.

ముందు, నీళ్లే ఎందుకు? విజయనగరాన్ని 1336లో స్థాపించారని చెప్పుకుంటాం, 1565 జనవరిలో తళ్లికోట యుద్ధంలో ఓడిపోయాక ఊరు కొల్లగొట్టారు, తగలబెట్టారు. రాజుల మేడల్లో పైభాగమంతా చెక్కతో కట్టింది, అది కాలిపోయింది. ఇప్పుడు మనం అక్కడ చూసేవి చాలావరకు రాతి అరుగులు, పునాదులు. పిల్లవాణ్ణి తీసుకెళ్లి అరుగు ముందు నిలబెట్టి "ఇది రాజుగారి మేడ" అంటే వాడికేం కనిపిస్తుంది? కానీ కాలువలు, కోనేళ్లు, తొట్లు రాతివి. అవి మిగిలాయి. కాలువ ఎక్కడ దాకా పోయిందో అక్కడ దాకా మనుషులు ఉన్నట్టు. ఎంత పెద్ద కాలువ పోయిందో చూస్తే అక్కడ ఎంత పెద్దవాళ్లు ఉన్నారో కూడా కొంత చెప్పొచ్చు.

ఈ సంగతి నాకు పుస్తకంలో దొరకలేదు, మా నాన్న నోట విన్నాను. ఆయన చెరువు కింద వరి పండించిన మనిషి. మహానవమి దిబ్బ అనే ఎత్తైన రాతి వేదిక మీద నిలబడి గైడ్ రాజుల పేర్లు వరసగా చెప్పుకుపోతుంటే నాన్న చుట్టూ చూసి, "ఏమ్మా, ఏరు చూస్తే అంత పల్లంలో ఉంది, ఇంత ఊరికి ఇక్కడికి నీళ్లెట్లా ఎక్కించారు?" అన్నాడు. గైడ్ ఆగిపోయాడు. ఆ తర్వాత మా హంపీ ప్రయాణం దారి మారిపోయింది, ఆ ప్రశ్న పట్టుకునే మిగతా ఊరంతా తిరిగాం.

మీరు కూడా ఏ పాత రాజధానికి వెళ్లినా ఈ ప్రశ్నతోనే మొదలుపెట్టండి: నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి? దాని వెనకే ఇంకో మూడు వస్తాయి. ఎలా నడిచి వచ్చాయి, ఎవరి కోసం వచ్చాయి, వాడుకున్నాక ఎటు పోయాయి. కాగితం మీద రాసుకోవాల్సిన పనేం లేదు, ఇంట్లో తలా ఒక ప్రశ్న పంచేయండి. మా ఇంట్లో చివరి ప్రశ్న చిన్నదానికి ఇచ్చాం, మురుగు తూములు వెతికే పని కదా, చాలా శ్రద్ధగా వెతికింది.

ఇప్పుడు నడక. దాదాపు అందరూ విరూపాక్ష గుడితో మొదలుపెడతారు. ఈ పాఠానికి మాత్రం కమలాపురం వైపు నుంచి మొదలుపెట్టి ఏటి దాకా రండి, చెరువు నుంచి నదికి. మొదట కమలాపురంలోని పురావస్తు మ్యూజియం. దాని ఆవరణలో హంపీ మొత్తానికి ఒక పెద్ద నమూనా ఉంది, కొండలు, ఏరు, గుళ్లు అన్నీ అందులో కనిపిస్తాయి. చాలామంది ఒక ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. మీరు దాని చుట్టూ నిదానంగా తిరగండి. తుంగభద్ర ఎటు నుంచి ఎటు పారుతోంది, కమలాపురం చెరువు ఎక్కడ, మేడలున్న ప్రాంతం ఎక్కడ, ఈ మూడూ మనసులో పెట్టుకుంటే చాలు. మ్యూజియానికి శుక్రవారం సెలవు, కాబట్టి రోజు చూసుకుని బయల్దేరండి.

ఇక నాన్న అడిగిన ప్రశ్నకి జవాబు. నది పల్లంలో ఉంది, నిజమే. కానీ నది కూడా వాలు మీదే పారుతుంది కదా, ఎగువకి వెళ్లేకొద్దీ ఎత్తులో ఉంటుంది. ఎగువన ఎక్కడో రాళ్లతో ఆనకట్ట వేసి అక్కడ కాలువ తీస్తారు. ఏరు తన వాలున తాను గబగబా కిందికి దిగిపోతుంది, కాలువని మాత్రం చాలా తక్కువ వాలుతో గట్టు అంచున నడిపిస్తారు. కొంతదూరం పోయేసరికి పక్కపక్కనే ఉన్నా కాలువ ఎత్తులో, ఏరు పల్లంలో ఉంటాయి. అంతే కిటుకు. పొలానికి నీళ్లు పెట్టినవాళ్లెవరైనా దీన్ని ఒక్క నిమిషంలో అర్థం చేసుకుంటారు, మాకు మాత్రం నాన్న కర్రపుల్లతో మట్టిలో రెండు గీతలు గీసి చూపించాల్సి వచ్చింది. విజయనగర కాలంలో ఇలా తీసిన కాలువల్లో తుర్తు కాలువ ఇప్పటికీ పారుతోంది. రాజమందిరాల ప్రాంతానికీ గుళ్ల ప్రాంతానికీ మధ్య పల్లంలో వరి, అరటి దాని కిందే పండుతున్నాయి. హంపీలో శిథిలం కాకుండా ఇంకా పని చేస్తున్న కట్టడం ఏదని అడిగితే విరూపాక్ష గుడి తర్వాత నేను దీని పేరే చెబుతాను.

రెండో ప్రశ్నకి, అంటే ఎలా నడిచాయన్నదానికి, మహానవమి దిబ్బ దగ్గరి మెట్ల కోనేరు కన్నా మంచి చోటు లేదు. ఇక్కడ తొందరపడకండి. 1980లలో పురావస్తు శాఖ తవ్వకాల్లో బయటపడిన కోనేరు ఇది, అంతవరకూ మట్టి కింద ఉంది. చుట్టూ ఉన్నదంతా గరుకు గ్రానైట్ రాయి అయితే ఇది మాత్రం నల్లటి నున్నటి మెత్తరాయితో కట్టింది. అంతస్తులు అంతస్తులుగా కిందికి దిగుతూ, ప్రతి అంతస్తులోనూ చిన్న చిన్న మెట్ల గుంపులు ఒకే కొలతతో వరసగా ఉంటాయి. కిందికి దిగనివ్వరు, పైనుంచే చూడాలి. ఫోన్‌తో ఒక వరసని ఫొటో తీసి జూమ్ చేయండి. రాళ్ల మీద చెక్కిన గుర్తులు కనిపిస్తాయి: ఏ దిక్కు, ఎన్నో వరస, ఆ వరసలో ఎక్కడ పెట్టాలి అని. అంటే ఈ రాళ్లని వేరేచోట చెక్కి, గుర్తులు వేసి, ఇక్కడికి తెచ్చి పేర్చారు. మా పెద్దవాడు ఆ గుర్తు ఒకటి పట్టుకున్నాక ఇక అక్కణ్ణుంచి కదల్లేదు, రెండో గుర్తు దొరికేదాకా మేమంతా ఎండలో నిలబడ్డాం, ఎవరూ విసుక్కోలేదు కూడా.

ఆ కోనేటి దగ్గరకే రాతి స్తంభాల మీద రాతి కాలువ ఒకటి వస్తుంది. ఒక్కో రాయినీ తొట్టిలా తొలిచి, ఒకదాని మూతికి ఇంకోటి ఆనించి పెట్టారు. ఇక్కడ చేయాల్సిన అభ్యాసం చెబుతాను. కాలువకి ఒక పక్కన కాస్త దూరంగా నిలబడి, ముందు నేలని చూడండి, తర్వాత స్తంభాలని, తర్వాత పైనున్న తొట్టిని. నేల దిగినచోట స్తంభం పొడుగు పెరుగుతుంది, నేల లేచినచోట తగ్గుతుంది, తొట్టి మాత్రం దాదాపు ఒకే గీత మీద ఉంటుంది. ఆ గీతలోనే కంటికి ఆనని వాలు ఉంది, ఆ వాలు మీదే నీళ్లు వాటంతటవే నడిచొచ్చాయి. నాన్న గొంతుక్కూర్చుని ఒక కన్ను మూసి ఆ తొట్టి అంచుని చాలాసేపు చూశాడు. పొలంలో బోదె తీసేటప్పుడు ఆయన అలాగే చూసేవాడు. పిల్లలు కూడా పక్కన కూర్చుని ఒక్కో కన్ను మూశారు. కాలువ ఎక్కి నడవడం, తొట్టిలో కూర్చుని ఫొటోలు దిగడం దయచేసి చేయకండి, అయిదు వందల ఏళ్లు నిలిచిన రాయి ఇది, మన పిల్లల తర్వాత వాళ్లు కూడా చూడాలి.

మూడో ప్రశ్న, ఎవరి కోసం. రాణివాసపు స్నానశాల అని పిలిచే కట్టడం చూడండి. బయటినుంచి ఏ అలంకారమూ లేని గోడ, లోపలికెళ్తే మధ్యలో కొలను, చుట్టూ నగిషీలు చెక్కిన కిటికీ వసారాలు కొలను మీదికి ముందుకొచ్చి ఉంటాయి. బయట గోడ చుట్టూ కందకంలాంటి కాలువ ఉంది. అక్కడ ఎవరు స్నానం చేశారన్నది గైడ్లు రకరకాలుగా చెబుతారు, ఆ కథలు వినండి గానీ మీ కళ్లు మాత్రం నీళ్లు లోపలికి వచ్చే చోటు, బయటికి పోయే చోటు వెతకాలి.

దీనికన్నా మాకు దగ్గరైంది భోజనశాల. పేరుకి శాల, పైకప్పేమీ లేదు. ఒక నీటి కాలువ, దానికి రెండు వైపులా రాతిలో తొలిచిన విస్తళ్లు వరసగా. ఒక్కో రాతి విస్తట్లో అన్నానికి పెద్ద గుంట, కూరలకీ పచ్చళ్లకీ చిన్న చిన్న గుంటలు. మా అమ్మ వాటి ముందు కూర్చుని, "ఇదిగో ఈ లోతుది పులుసుకి, ఆ చిన్నది పచ్చడికి, ఉప్పెక్కడ పెట్టేవాళ్లబ్బా" అని లెక్కలు తీయడం మొదలుపెట్టింది. "అమ్మమ్మా, పెరుగన్నం తినేటప్పుడు విస్తరి ఎలా కడుగుతారు?" అని చిన్నది అడిగింది. కాలువ పక్కనే ఉంది కదే అని అమ్మ అనేసరికి దానికి తన ప్రశ్నకి కూడా జవాబు దొరికేసింది, నీళ్లు ఎటు పోయాయో చూడ్డానికి కాలువ వెంట పరుగెత్తింది. రాజధాని చూడ్డమంటే నా వరకు అదే. రాజుగారి సింహాసనం కన్నా అన్నం తిని చేయి కడుక్కున్న చోటు పిల్లలకి తొందరగా అందుతుంది.

సాయంత్రం ఎండ తగ్గాక తుర్తు కాలువ పొలాల పక్కగా లక్ష్మీనరసింహ విగ్రహం దగ్గరకి రండి. 1528లో, కృష్ణదేవరాయల కాలంలో చెక్కించిన ఏకశిల, 6.7 మీటర్ల ఎత్తు. దాని పక్కనే బడవిలింగం, దాని పీఠం ఎప్పుడూ నీళ్లలోనే ఉంటుంది, కాలువ నీళ్లు గర్భగుడిలోకి వచ్చే ఏర్పాటు ఉంది. పొలానికి పోయే నీళ్లు దేవుణ్ణి తాకి పోవడం మా నాన్నకి ఎంత నచ్చిందో చెప్పలేను, చెప్పులు విడిచి చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. అమ్మ తెలుగు టీచరుగా రిటైరైంది, అక్కడే ఆముక్తమాల్యదలోని రాజనీతి పద్యం గుర్తు చేసుకుని పిల్లలకి అర్థం చెప్పింది: దేశం చిన్నదైనా సరే గుంటలు, కాలువలు తవ్వించి, పేదవాడికి పన్నులో వెసులుబాటు ఇచ్చి పైకి తెస్తే ధనమూ ధర్మమూ రెండూ పెరుగుతాయని. ఆ పద్యం రాసిన రాయలు హోస్పేట దగ్గర ఒక పెద్ద చెరువు కట్టిస్తుంటే పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ వచ్చి చూశాడు, పదిహేను ఇరవై వేలమంది పనిచేస్తున్నారని రాసుకున్నాడు. పద్యం చదివిన చోటే తుర్తు కాలువ పారుతుండటం, ఆ నీళ్ల కిందే అరటితోట ఉండటం, ఇలాంటి అవకాశం మన తెలుగువాళ్లకి ఇంకెక్కడా దొరకదు. వీలైతే ఆ పద్యం ఫోన్‌లో పెట్టుకుని వెళ్లండి.

పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి రెండు మాటలు. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు వెళ్తే ఎండ తట్టుకోగలరు. విఠల ఆలయానికి గెజ్జల మంటపం దగ్గర నుంచి బ్యాటరీ బండ్లు నడుస్తాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు టెన్షన్ పడక్కర్లేదు. ఏట్లో మాత్రం దిగనివ్వకండి, నీళ్లు పైకి నిమ్మళంగా కనిపించినా రాళ్ల మధ్య సుడులుంటాయి, ఎగువ డ్యామ్ నుంచి నీళ్లు వదిలితే మట్టం ఉన్నట్టుండి పెరుగుతుంది. పుట్టి ఎక్కితే లైఫ్ జాకెట్ అడిగి వేసుకోండి. ఒక్కరోజులో హంపీ మొత్తం చూపిస్తామనే ప్యాకేజీలు పిల్లలున్నవాళ్లకి నేను చెప్పను, వాటిలో బస్సు ఎక్కడం దిగడమే గుర్తుంటుంది.

ఇంటికి వచ్చాక చేయాల్సిన అభ్యాసం: ఒక తెల్లకాగితం మీద మేడలూ గుళ్లూ ఏవీ లేకుండా, జ్ఞాపకం మీద నీళ్ల గీతలు మాత్రమే నీలిరంగుతో వేయండి. ఏరు, చెరువు, కాలువ, కోనేరు, తూము. ఆ తర్వాత గుళ్లూ మేడలూ ఎక్కడ వస్తాయో పిల్లల్ని పెట్టమనండి. చాలావరకు సరైన చోటే పెడతారు, చూడండి.

హంపీ దూరం అనుకునేవాళ్లు హైదరాబాద్‌లోనే గోల్కొండలో ఈ పాఠం చేయొచ్చు, కానీ అక్కడ లెక్క తిరగబడుతుంది. కోట కొండ మీద ఉంది, కాలువ వాలుతో అయ్యే పని కాదు, దుర్గం చెరువు లాంటి చోట్ల నుంచి తెచ్చిన నీళ్లని చక్రాలతో ఒక్కో మెట్టూ పైకి తోడి, మట్టి గొట్టాల్లో నడిపించారు. నాలుగు ప్రశ్నలూ అవే పట్టుకెళ్లండి, రెండో ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగండి. గొట్టాల ముక్కలు గోడల్లో ఇప్పటికీ ఉన్నాయి, వెతికే పని పిల్లలకి ఇవ్వండి. వచ్చే పాఠంలో బజారు వీధులు, అంగడి అరుగుల వెడల్పుని బట్టి అక్కడ ఏం అమ్మేవాళ్లో ఊహించడం ఎలాగో చూద్దాం. దానికి ఒక కొలత టేపు దగ్గర పెట్టుకోండి.