కొండపల్లి కొండల్లో తప్పిపోయిన మనిషిని వెతకడానికి వెళ్తున్నారా?

ముందు 112కి ఫోన్ చేయండి, 24 గంటలు ఆగాలని ఎవరైనా అంటే నమ్మొద్దు, అలాంటి రూలేమీ లేదు. విజయవాడ నుంచి బైకుల మీద వచ్చినవాళ్లంతా తలో దిక్కుకీ పరిగెత్తకుండా, ఆ మనిషి చివరిసారి కనిపించిన చోటు నుంచే మొదలుపెట్టండి. అక్కడ మట్టిలో చెప్పు అచ్చు కనిపిస్తే తొక్కకుండా చుట్టూ రాళ్లు పేర్చి, పక్కన అగ్గిపెట్టె పెట్టి ఫోటో తీయండి, సైజు తెలుస్తుంది.

తర్వాత వరసగా, పక్కవాళ్లు కనిపించేంత దూరంలో నడవండి. పేరు పెట్టి పిలిచాక అందరూ కాసేపు కదలకుండా, మాట్లాడకుండా వినాలి, చాలామంది చెయ్యనిది ఇదే. మతిమరుపు ఉన్న పెద్దవాళ్లు పిలిచినా పలకకపోవచ్చు, పొదల్లో ఇరుక్కుపోయి అలాగే ఉండిపోతారు, అందుకే ప్రతి తుప్పా వంగి చూడాల్సిందే, దాటాక వెనక్కి తిరిగి ఇంకోసారి చూడాలి.

మే నెలైతే తెల్లారగానే బయల్దేరండి. నీళ్లు, ఓఆర్‌ఎస్ సరిపడా ఉండాలి. ఒంటరిగా ఎవరూ వెళ్లొద్దు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

దొరికితే గుమిగూడొద్దు. నీడకి చేర్చి, తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ గాలి విసరండి, 108కి చెప్పండి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో చుక్క నీళ్లు కూడా పోయొద్దు.