డీబీ పాఠాలు – 4: ఎంసీబీలన్నీ దించినా ఆర్‌సీసీబీ ఎందుకు పడుతుంది?

లోడు ఎక్కువైతేనో, షార్ట్ అయితేనో డీబీలో (ఇంటి డిస్ట్రిబ్యూషన్ బోర్డులో) ఒక్కో లైనుకీ ఉండే స్విచ్, అంటే ఎంసీబీ, పడుతుందని (దానంతటదే ఆగిపోతుందని) పోయిన పాఠంలో చూశాం. కరెంటు లీకైతే సరఫరా తెంపే ఆర్‌సీసీబీకి ఆ లెక్కలు పట్టవు. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు మొత్తం న్యూట్రల్‌లో తిరిగొచ్చిందా లేదా, అంతే చూస్తుంది. ఇళ్లలో పెట్టేది 30 మిల్లీఆంపియర్లది. తేడా అంతకు చేరేలోపే పడిపోతుంది.

పదే పదే పడుతుంటే ముందు ఎంసీబీలన్నీ దించి ఆర్‌సీసీబీ ఎక్కించండి. నిలబడితే ఒక్కో ఎంసీబీ ఎక్కిస్తూ రండి. బెంగళూరు బోరు నీళ్లకు గీజర్ ఎలిమెంట్ మీద సున్నం పేరుకుని, తొడుగు చిట్లి లీక్ అవడం మామూలే. ముందు దాన్నే అనుమానించండి.

అన్నీ దించినా పడుతోందా? చాలామంది ఇక్కడే ఆర్‌సీసీబీ పాడైందని కొత్తది కొంటారు. తొందరపడకండి. సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజ్‌ని మాత్రమే తెంపుతుంది, న్యూట్రల్ అలాగే కలిసి ఉంటుంది. ఏ బాత్రూమ్ స్విచ్ బాక్సులోనో న్యూట్రల్ వైరు ఒలిచిన చోట ఎర్త్‌కి తగిలిందంటే, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఉండే కొద్ది వోల్టుల తేడాకే ఆ దారిన కరెంటు పోయి, ఎంసీబీలన్నీ దించి ఉన్నా ఆర్‌సీసీబీ పడొచ్చు. ఎంసీబీలు ఎక్కించి ఉంటే, హాల్లో ఇస్త్రీపెట్టె వేసినా దాని కరెంటులో కొంత ఆ దారిన ఎర్త్‌లోకి పోతుంది. తప్పు బాత్రూమ్ వైరుది, నింద ఇస్త్రీపెట్టెకి!

పట్టుకోవడం ఇలా. ప్లగ్గులన్నీ పీకి, ఇన్వర్టర్ ఆపి, దాని అవుట్‌పుట్ వైరు తీసేయండి. మెయిన్ ఆపినా ఇన్వర్టర్ లైన్లలో 230 వోల్టులు ఉంటాయి. ఐసోలేటర్ (డీబీలోని మెయిన్ స్విచ్) పై టెర్మినళ్లూ లైవ్‌లోనే ఉంటాయి, వాటి జోలికి పోవద్దు. ఆర్‌సీసీబీ దించి, న్యూట్రల్ లింక్‌లో (న్యూట్రల్ వైర్లన్నీ కలిసే పట్టీలో) కరెంటు లేదని మీటరుతో చూసుకున్నాకే మొదలుపెట్టండి. మల్టీమీటర్‌ని, రెండు చోట్లు కలిసి ఉంటే మోగే బీప్ మీద పెట్టి ఒక పిన్ను న్యూట్రల్ లింక్‌కి, రెండోది ఎర్త్ లింక్‌కి ఆనించండి. బీప్ రాకూడదు. వస్తే న్యూట్రల్ వైర్లు ఒక్కొక్కటే లింక్ నుంచి ఊడదీయండి. ఏది తీశాక బీప్ ఆగుతుందో దొంగ అదే. తీసిన ప్రతి వైరుకీ టేపు మీద నంబరు రాయండి, లేకపోతే తిరిగి బిగించేటప్పుడు తికమకే.

ఇన్వర్టర్ పెట్టించిన రోజు నుంచే పడుతోందంటే వైరింగ్ చూడండి. ఇన్వర్టర్‌కి ఫేజ్ ఆర్‌సీసీబీ ముందు నుంచి తీసి, లైట్ల న్యూట్రల్‌ని ఆర్‌సీసీబీ తర్వాతి లింక్‌లో వదిలేసి ఉంటారు. రెండూ ఒకే వైపు ఉండాలి.

వచ్చే పాఠం: త్రీ ఫేజ్ డీబీలో న్యూట్రల్ ఊడితే టీవీలు ఎందుకు కాలిపోతాయి?